గర్భిణులు – మలబద్ధము

గర్భిణీ స్త్రీ పరీక్షకు వచ్చినప్పుడు తన బాధలు చెప్పుకొనుటలో ఒక వరుస కలదు. ముందుగా వాంతులు, తరువాత నడుము నొప్పి, కాళ్లవాపు, నిద్ర పట్టకపోవుట. బరువు తూచుట, రక్తపుపోటు చూచుట, బిడ్డ గుండె చప్పుడు వినుట అన్నియు ముగిసి, మందుల చీటీ చేత పుచ్చుకొని ఆమె తలుపుదాక నడచును. అక్కడ ఆగి, వెంట వచ్చిన మగవారు వరండాలో దూరముగా నున్నారని చూచుకొని, అప్పుడు వెనుకకు తిరిగి మెల్లగా ఒక మాట చెప్పును: "నాలుగు రోజులయిందమ్మా, కడుపు కదలక." ఈ మాటను తలుపు దగ్గర వినుట మాకు అలవాటైపోయినది. కుర్చీలో కూర్చుండి చెప్పవలసిన మాట తలుపుదాక ఎందుకు పోయినదో అందరును ఎరిగినదే. అది పైకి చెప్పుకొనరాని సంగతియని ఆడపిల్లలకు మనము చిన్ననాటనే నేర్పుచున్నాము.

కొంతకాలము క్రిందట ఒక యువతి ఆరవ నెలలో మా వద్దకు వచ్చినది. మిరప చేలలో కూలికి పోవు మనిషి. నాలుగవ నెల మొదలు ఇనుము బిళ్లలు తీసికొనుచున్నట్లు ఆమె కార్డులో వ్రాసియున్నది. కాని రక్తములో హీమోగ్లోబిన్ పెరుగుటకు మారు తగ్గినది. బిళ్లలు వేసికొనుచున్నావా యని అడిగిన ప్రతిసారియు తల యూపినది. మూడవసారి అడుగగా వెంటనున్న వదినగారు నిజము బయటపెట్టినది. బిళ్లలన్నియు ఇంట బియ్యపు డబ్బాలో భద్రముగా నున్నవట. పారవేయుటకు మనసొప్పలేదు, మ్రింగుటకు ధైర్యము చాలలేదు. "అవి వేసుకుంటే రాయిలాగా అయిపోతుందమ్మా. తెల్లవారకముందే లేచి గంటసేపు కూర్చున్నా కాదు. కళ్లవెంట నీళ్లు వస్తాయి" అని అప్పుడు ఆ అమ్మాయి చెప్పినది. ఆమెను కోపపడుటకు మాకు నోరు రాలేదు. ఆ బిళ్లల వలన ఇట్లు జరుగవచ్చునని, జరిగినచో ఏమి చేయవలెనో ఆమెకు ఎవ్వరును చెప్పియుండలేదు. మేమును చెప్పియుండలేదు.

మలబద్ధము చిన్న బాధయని కొట్టివేయరాదనుటకు ఆ బియ్యపు డబ్బాయే సాక్ష్యము. 2019–21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశపు గర్భిణులలో నూటికి 52 మంది రక్తహీనత గలవారు. అట్టి తల్లి కాన్పులో రక్తస్రావమును తట్టుకొనలేదు. బిడ్డ నెలలు నిండక పుట్టుటకును, తక్కువ బరువుతో పుట్టుటకును అవకాశము హెచ్చు. దీనికి విరుగుడుగా ఇచ్చు బిళ్లను ఆమె మానివేయుటకు గల కారణములలో ఈ చెప్పుకొనలేని బాధ ఒకటి. కావున బిళ్ల మానకయే బాధను ఎట్లు తగ్గించుకొనవచ్చునో ఈ ప్రసంగములో చెప్పదలచినాము.

మలబద్ధమన నేమో మొదట తేల్చుకొందము. ప్రతిదినము ఉదయము తప్పక విరేచనము కావలెనని, ఒక్కనాడు కానిచో అది రోగమని మన పెద్దలలో గట్టి నమ్మకము కలదు. అది సరికాదు. ఆరోగ్యవంతులలోనే దినమునకు మూడుసార్లు పోవువారు కలరు, వారమునకు మూడుసార్లు మాత్రమే పోవువారును కలరు. చూడవలసినది అలవాటులో వచ్చిన మార్పు. వారమునకు మూడుసార్లకంటె తక్కువగా అగుట, మలము గట్టి ఉండలుగా వచ్చుట, ఎంతో ముక్కవలసి వచ్చుట, పోయివచ్చిన తరువాతను ఇంకను మిగిలియున్నట్లు తోచుట, ఈ గుర్తులు కనబడినచో అది మలబద్ధమే. వేర్వేరు పరిశీలనలలో గర్భిణులలో నూటికి 11 మంది మొదలు 38 మంది వరకు దీనితో బాధపడినట్లు తేలినది. కావున తనకు ఒక్కదానికే ఇట్లయినదని ఎవ్వరును కుములవలసిన పనిలేదు.

గర్భిణికి ఇది వచ్చుట ఆమె అశ్రద్ధవలన కాదు. గర్భము నిలిచిన నాటినుండి ప్రొజెస్టిరోన్ అను హార్మోను శరీరములో విస్తారముగా ఊరును. గర్భాశయపు కండరమును సడలించి, బిడ్డను నెలలు నిండువరకు కదలక నిలిపియుంచుట దాని పనులలో ఒకటి. కాని ప్రేగుల గోడలలో నున్నదియు అదే జాతి కండరము. ఒకదానిని సడలించిన హార్మోను రెండవదానిని విడిచిపెట్టదు. ప్రేగుల కదలిక మందగించును. ఆహారము నెమ్మదిగా సాగును. పెద్దప్రేగు పని తనలోనికి వచ్చినదానినుండి నీటిని పీల్చుకొనుట. సరకు ఎంత ఎక్కువసేపు అక్కడ నిలిచిన అంత నీరు పీల్చుకొనబడి, మిగిలినది ఎండి గట్టిపడును. మొదటి నెలలలో వాంతులవలన తిండియు నీరును తగ్గిపోవుట దీనికి తోడగును. చివరి నెలలలో పెరిగిన గర్భాశయము ప్రేగులను అదుముచుండును. నడుమ నెలలలో ఇనుము బిళ్లలు మొదలగును. ఈ విధముగా తొమ్మిది నెలలలో ఏదో ఒక కారణము ఉండనే యుండును. థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయని స్త్రీలకును మలబద్ధము కలుగును. కనుక ఎంతకును తగ్గనిచో ఆ రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది.

ఇక బిళ్లల సంగతి. గర్భిణి శరీరములో రక్తపు పరిమాణము దాదాపు సగము పెరుగును. ఆ పెరుగుదలకు, బిడ్డకు, మావికి కలిపి తొమ్మిది నెలలలో సుమారు 1000 మిల్లీగ్రాముల ఇనుము కావలెను. మన సాధారణ భోజనమునుండి ఇంత సమకూరుట కష్టము. అందువలన 2018లో మొదలైన రక్తహీనతా నిర్మూలన కార్యక్రమము ప్రకారము నాలుగవ నెల మొదలు 180 దినములు, కాన్పు తరువాత మరల 180 దినములు, దినమున కొక బిళ్ల ఇచ్చుచున్నారు. ఒక్కొక్క బిళ్లలో 60 మిల్లీగ్రాముల ఇనుమును, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును కలవు. రక్తహీనత ఉన్నవారికి రెండేసి బిళ్లలు ఇత్తురు. ఈ 60 మిల్లీగ్రాములలో రక్తములోనికి చేరునది కొద్దిభాగము మాత్రమే. మిగిలినది ప్రేగులలోనే నిలిచి మలముతో పోవును. కొందరికి గట్టిపడుటయు, మరికొందరికి కడుపులో వికారమును, అందరికిని మలము నల్లబడుటయు దీని వలననే. నల్లని రంగు చూచి లోపల ఏదో కుళ్లినదని భయపడి బిళ్ల మానినవారిని మేము చూచియున్నాము. ఆ నలుపు వలన భయము లేదు. బిళ్ల కడుపులో పడినదని చెప్పు గుర్తు అది. అయితే మలము తారువలె మెరయుచు, జిగటగా, దుర్వాసనతో నున్నచో అది లోపలి రక్తము కావచ్చును గనుక వైద్యునికి చూపవలెను.

బిళ్లను పరగడుపున వేసికొనిన ఇనుము బాగుగా పట్టుననుట నిజమే. కాని అట్లు వేసికొనిన వికారము కలుగువారు భోజనమైన గంట రెండు గంటలకు, లేదా రాత్రి పండుకొనబోవునప్పుడు వేసికొనవచ్చును. కొంచెము తక్కువ పట్టినను, డబ్బాలో నున్న బిళ్లకంటె కడుపులో నున్న బిళ్ల మేలు. నిమ్మరసము కలిపిన నీటితో వేసికొనిన ఇనుము సులభముగా పట్టును. కాఫీ, టీలు ఇనుమును పట్టనీయవు. వానికిని బిళ్లకును నడుమ గంటయైనను ఎడముండవలెను. కాల్షియము బిళ్లలును ఈ నెలలలోనే ఇత్తురు. వానిని భోజనముతో వేసికొనవలెను, ఇనుము బిళ్లతో కలిపి వేసికొనరాదు; రెండింటికిని నడుమ రెండు గంటలు గడువనీయవలెను. రెండు బిళ్లలును ఒక్క గ్రుక్కలో మ్రింగి పని అయినదనుకొనువారు పెక్కుమంది. ఇంత చేసినను బాధ తీరనిచో మోతాదు మార్చుటకును, వేరు రకపు ఇనుము నిచ్చుటకును, రక్తహీనత మిక్కిలిగా నున్నచో రక్తనాళము ద్వారా ఎక్కించుటకును వైద్యులకు దారులు కలవు. ఆ దారులు తెరువవలెనన్న బాధ సంగతి వారికి చెప్పవలెను.

ఆహారమును గూర్చి కొంత విపులముగా చెప్పుట అవసరము. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మన తిండి గింజలను, కూరలను, పండ్లను పరీక్షించి 2017లో ఒక పట్టిక ప్రకటించినది. దానిని చూచిన మన మలబద్ధమునకు సగము కారణము మన పళ్లెములోనే కనబడును. తెల్లగా మరపట్టిన బియ్యము 100 గ్రాములలో పీచుపదార్థము 3 గ్రాములకు లోపు. రాగులలో, జొన్నలలో, సజ్జలలో అది 10, 11 గ్రాములు. ఒక మనిషికి దినమునకు 25 మొదలు 30 గ్రాముల వరకు పీచు కావలెను. మూడుపూటలా తెల్లని అన్నము, దానిలోనికి పచ్చడి, చారు, పెరుగు మాత్రమే తినువారికి ఇందులో సగమైనను దొరకదు. పీచు మనకు అరుగదు. అరుగకపోవుటయే దాని గుణము. అది ప్రేగులలో నీటిని పట్టియుంచి మలమునకు మెత్తదనమును, పరిమాణమును ఇచ్చును.

రాయలసీమలో రాగి సంకటియు, తెలంగాణములో జొన్నరొట్టెయు, మెట్ట ప్రాంతములలో సజ్జ రొట్టెయు మొన్నటి వరకు బీదల తిండిగా నుండినవి. చేతిలో నాలుగు డబ్బులు ఆడినంతనే వానిని విడిచి తెల్లని అన్నమునకు మారుట గౌరవమైనది. ఇప్పుడు పట్టణములలో అవే గింజలు అందమైన సంచులలో బియ్యముకంటె ప్రియముగా అమ్ముడుపోవుచున్నవి. గర్భిణి మూడుపూటలలో ఒక్కపూట అన్నమునకు మారుగా వీనిలో ఏదియైనను తినిన చాలును. గోదావరి ప్రాంతపువారికి రొట్టె రుచింపనిచో అన్నము పాలు కొంత తగ్గించి పప్పు పాలు పెంచవలెను. పెసరపప్పు, కందిపప్పు, ఉడికించిన సెనగలు, అలసందలు, పొట్టుతో రుబ్బిన పెసరట్టు, ఇవి పీచును మాంసకృత్తులను కూడ ఇచ్చును. తోటకూర, బచ్చలికూర, గోంగూర, చిక్కుడు, గోరుచిక్కుడు, బెండ, ములగ, వీనిలో దినమునకు రెండైనను పళ్లెములో కనబడవలెను. పండ్లలో మా ఓటు జామపండునకు. 100 గ్రాములలో 8 గ్రాములకు మించిన పీచును, ఇనుము పట్టుటకు తోడ్పడు విటమిన్ సి యును అందులో కలవు. మన ఊళ్లలో చవుకగా దొరకును. గింజలు కడుపులో మొలచునని పిల్లలను బెదిరించు మాటను గర్భిణికి చెప్పకుందురు గాక! బత్తాయిని రసము తీసి త్రాగుటకంటె తొనలుగా తినుట మేలు. పీచంతయు పిప్పిలోనే పోవుచున్నది. రాత్రి నానవేసిన ఎండుద్రాక్ష, అంజూరము మంచివే. కాని గర్భములో మధుమేహము వచ్చినవారు తీపిపండ్లను వైద్యుని సలహాపై మితముగా తినవలెను.

బొప్పాయి మాట ఎత్తనిచో ఈ ప్రసంగము పూర్తి కాదు. పచ్చి బొప్పాయిలోని పాలు గర్భాశయమును ముడుచుకొనునట్లు చేయునని జంతువులపై జరిగిన పరిశోధనలలో తేలినది. కావున పచ్చికాయయు, దోరకాయయు తినరాదు. పూర్తిగా పండిన బొప్పాయిలో ఆ పాలు ఉండవు; దానివలన కీడు కలిగినట్లు నిరూపణ లేదు. అయినను ఒక్క పండుకొరకు తొమ్మిది నెలలు అత్తగారితో వాదము పెట్టుకొనవలసిన పనిలేదు. జామపండు ఉండనే యున్నది.

పీచును ఒక్కసారిగా పెంచరాదు. నేడు విని రేపటినుండి గంపెడు ఆకుకూర తినినచో కడుపు ఉబ్బి, దీనివలన బాధ హెచ్చినదని మానివేయుదురు. రెండు వారములలో మెల్లమెల్లగా పెంచుకొనవలెను. పీచుతోపాటు నీరు పెరుగవలెను. నీరు లేని పీచు ప్రేగులలో గడ్డివామువలె పడియుండును. దినమునకు 8 మొదలు 10 గ్లాసుల నీరు అవసరము. ఎండకాలములో, ఎండలో పనిచేయువారికి ఇంకను ఎక్కువ కావలెను. పలుచని మజ్జిగ, గంజి, పప్పుకట్టు, కొబ్బరినీరు ఈ లెక్కలోనికే వచ్చును. నీరు ఎక్కువగా త్రాగినచో బిడ్డకు నెమ్ము చేయునని, కాళ్లవాపు పెరుగునని కొందరి భయము. రెండును నిరాధారములు. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు ఉన్నవారు మాత్రము ఎంత త్రాగవలెనో వైద్యుని అడుగవలెను.

నీరు త్రాగుమని చెప్పుట సులభము. ఆమె ఎందుకు త్రాగుట లేదో అడిగినవారు తక్కువ. మా మిరప చేల అమ్మాయి ఉదయము ఏడు గంటలకు చేనికి పోయినచో సాయంకాలము అయిదింటికి గాని ఇల్లు చేరదు. చేనిలో మరుగు లేదు. కావున ఆమె మధ్యాహ్నము వరకు నీరు ముట్టదు. పట్టణములో బట్టల దుకాణమున దినమంతయు నిలుచుండి అమ్ము అమ్మాయి స్థితియు, బస్సులలో తిరుగు కండక్టరు స్థితియు ఇంచుమించు ఇదే. 2014 తరువాత పల్లెలలో లక్షలాది ఇండ్లకు మరుగుదొడ్లు వచ్చినవి. తెల్లవారకముందే చెంబు పుచ్చుకొని పొలిమేరకు నడచు అవస్థ చాలమందికి తప్పినది. కాని పనిచేయు చోట అది లేనిచో ఇంట నున్నది పగటివేళ ఉపయోగపడదు. వేగము వచ్చినప్పుడు పోక ఆపుకొనుట అలవాటైనచో ప్రేగు ఆ సంకేతమునే మందగించును. లోపలి మలము మరింత ఎండును. ఇది ఆమె మందు మ్రింగి సరిచేసికొనదగిన విషయము కాదు. ఆమెను పనిలో పెట్టుకొన్నవారు చేయవలసినది ఇందు కొంత కలదు. నలుగురు ఆడవారు పనిచేయు చోట మరుగు నేర్పరచుట దయాధర్మము కాదు.

ఇక వేళను గూర్చి. కడుపులో ఆహారము పడినంతనే పెద్దప్రేగు కదలుట సహజము; ఉదయపు ఫలహారము తరువాత ఈ కదలిక బలముగా నుండును. కావున లేచినంతనే ఒక గ్లాసు గోరువెచ్చని నీరు త్రాగి, ఏదైన తిని, పావుగంటకు పోయి కూర్చుండుట మంచి అలవాటు. చాల ఇండ్లలో ఆ పావుగంటయే కోడలికి దొరకదు. మగవారి క్యారేజీలు, పిల్లల బడి బస్సు, పాలు, పంపునీరు అన్నియు ఆ వేళకే వచ్చును. వచ్చిన వేగమును ఆపుకొని అందరికిని వడ్డించి, తొమ్మిదింటికి తీరికగా పోయినచో అది తిరిగి రాదు. ఆ పావుగంట పని ఇంటిలో మరియొకరు చూచుకొనిన, అది మేము వ్రాసి యిచ్చు మందుతో సమానము.

కూర్చుండు భంగిమయు ముఖ్యమే. గొంతుకూర్చున్నప్పుడు మలాశయపు మార్గము తిన్నగా తెరచుకొనును. కుర్చీవంటి దొడ్డిలో అది వంపు తిరిగియుండును. పట్టణములలో అట్టివానిపై కూర్చుండువారు పాదముల క్రింద ఆరేడు అంగుళముల పీట యొకటి వేసికొని, మోకాళ్లు నడుముకంటె ఎత్తుగా ఉండునట్లు కొంచెము ముందునకు వంగి కూర్చుండవలెను. పాతరకపు దొడ్డి వాడువారు చివరి నెలలలో పడిపోకుండ గోడకు పట్టుకొమ్మ యొకటి అమర్చుకొనుట అవసరము. ఊపిరి బిగబట్టి ముక్కరాదు. అట్లు ముక్కుటచేత గర్భము పోవునేమోయని కొందరు భయపడుదురు. ఆరోగ్యముగా నున్న గర్భమునకు అట్టి అపాయము లేదు. కాని మొలలు వచ్చుటకును, ఆసనము చీలుటకును అది కారణమగును. చీలిన నొప్పికి భయపడి ఆమె పోవుట మానును. మానినకొలది మలము మరింత గట్టిపడును.

పనిచేసికొను స్త్రీకి నడక వేరుగా చెప్పనక్కరలేదు. చెప్పవలసినది పుట్టింటివారికి. ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో చలిమిడి పెట్టి కూతురును తీసికొనిపోయిన నాటినుండి ఆమెను మంచము దిగనీయరు. సున్నుండలు, అరిసెలు, మినపట్లు మంచము దగ్గరకే వచ్చును. వారి ప్రేమను మేము తప్పుపట్టము. కాని వైద్యుడు కదలవద్దని చెప్పియున్న తప్ప, దినమునకు అరగంట నడక ప్రేగులకును, నిద్రకును, కాన్పునకును మంచిది. చలిమిడి తిననిండు, సాయంకాలము వీధి చివరవరకు నడువనిండు.

ఇంత చేసినను తగ్గనప్పుడు మందు. ఇక్కడ మొదట చెప్పవలసినది ఆముదమును గూర్చి. మా చిన్నతనమున నెలకొక ఆదివారము ఆముదము త్రాగింపని ఇల్లు అరుదు. ఆ నమ్మకముతోనే నేటికిని కొందరు పెద్దలు గర్భిణికి చెంచాడు ఆముదము పోయుదురు. ఇది ఎంతమాత్రము కూడదు. ప్రేగులలో ఆముదము విడిపోయి ఒక ఆమ్లము పుట్టును. ఆ ఆమ్లము ప్రేగుల కండరమును ఏ ద్వారమున కదలించునో గర్భాశయపు కండరమును అదే ద్వారమున కదలించునని 2012లో చిట్టెలుకలపై జరిగిన పరిశోధనలో తేలినది. నెలలు నిండక మునుపే నొప్పులు వచ్చుటకు అది దారితీయవచ్చును. నేలతంగేడు ఆకు, కరక్కాయ పొడి, అంగడిలో సీసాలలో అమ్ము విరేచనపు చూర్ణములు, వీనిని కూడ సొంతముగా వాడరాదు. ఇంటివద్ద ఎనిమా చేసికొనరాదు.

తవుడు వంటి పీచును మందుగా వాడవచ్చునని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణుల సంరక్షణకై చేసిన సూచనలలో చెప్పినది. ఆహారములో మార్పుచేసినను తగ్గనివారికి ఈ సూచన. గోధుమ తవుడు పిండిలో కలుపుకొనవచ్చును. జల్లించి పారవేయు పొట్టును జల్లింపకుండుటయే సులభమైన మార్గము. గుజరాతులో విస్తారముగా పండించు ఇసబ్‌గోల్ పొట్టు ఇప్పుడు ప్రతి మందుల దుకాణములోను దొరకుచున్నది. అది రక్తములోనికి చేరదు. నీటిని పీల్చి ఉబ్బి మలమును మెత్తపరచును. ఒకటి రెండు చెంచాలు నిండు గ్లాసు నీటిలో కలిపి, చిక్కబడక మునుపే త్రాగి, పైన మరియొక గ్లాసు నీరు త్రాగవలెను. పొడిగా నోట వేసికొనినచో గొంతులోనే ఉబ్బి ప్రమాదము తెచ్చును. బిళ్లలు వేసికొను వేళకు దీనిని రెండు గంటలు ఎడముగా నుంచవలెను. దీనికిని లొంగనిచో వైద్యులు లాక్టులోజ్ పానకము ఇత్తురు. అది శరీరమునకు పట్టని ఒక విధమైన చక్కెర. పెద్దప్రేగులోనికి నీటిని రాబట్టును. ఇది విరేచనకారి గదా, బిడ్డకు కీడు కాదాయని సంశయింపనక్కరలేదు. పని చేయుటకు ఒకటి రెండు దినములు పట్టును గనుక మొదటి రాత్రికే ఫలితము లేదని సీసా మూలపెట్టరాదు.

కడుపులో నొప్పి యంతయు మలబద్ధము వలననే యనుకొనుట ప్రమాదము. నొప్పి బిగిసి వదలుచు విడతలుగా వచ్చుచున్నను, నీరు గాని రక్తము గాని పోవుచున్నను, జ్వరమున్నను, బిడ్డ కదలిక తగ్గినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. కడుపు ఉబ్బి, వాంతులగుచు, వాయువు కూడ పోక నిలిచినచో అది ప్రేగులకు అడ్డుపడిన గుర్తు కావచ్చును. మలముతో రక్తము పడినచో మొలలేయని తీర్మానించుకొనక చూపించుకొనవలెను. మరియొక్క మాట. ఎనిమిదవ, తొమ్మిదవ నెలలలో దొడ్డికి పోవలెనని అకస్మాత్తుగా బలమైన వేగము, దానితో నడుము నొప్పియు వచ్చినచో అది కాన్పే కావచ్చును. బిడ్డ తల దిగి మలాశయమును ఒత్తినప్పుడు ఆమెకు అట్లే తోచును. ఇన్నాళ్లు కానిది నేడు అగుచున్నదని సంతోషించి ఆమెను ఒంటరిగా మరుగుదొడ్డికి పంపరాదు. 108కి కబురు చేయవలెను.

మా అమ్మాయి సంగతి చెప్పవలెను గదా. బిళ్లను రాత్రికి మార్చినాము. పానకము పది దినములు ఇచ్చినాము. చేనికి రెండు సీసాల నీరు తీసికొనిపోవుటకును, మధ్యాహ్నపు అన్నమునకు మారు జొన్నరొట్టె తినుటకును వదినగారు పూచీ పడినది. చేనిగట్టున గోనెపట్టాలతో మరుగు నొకదానిని కట్టించినదియు ఆ వదినగారే. మూడు వారములకు వచ్చినప్పుడు బిళ్లల అట్టలు ఖాళీగా తెచ్చి చూపినది. హీమోగ్లోబిన్ పెరుగుటకు మరియొక నెల పట్టినది.

కాన్పు తరువాత ఈ బాధ తీరిపోవునని తలచువారికి తుదిగా ఒక హెచ్చరిక. కుట్లు పడిన స్త్రీ అవి తెగునేమోయని భయపడి పది దినములు ఆపుకొనును. నొప్పికి ఇచ్చు కొన్ని మందులును ప్రేగులను మందగింపజేయును. దీనిపై పథ్యము పేర పెద్దలు కూరలు మాన్పించి, కారపుపొడి అన్నము పెట్టి, నీరు కొలిచి ఇత్తురు. పాలిచ్చు తల్లికి నీటి అవసరము పెరుగునే గాని తగ్గదు. మెత్తని విరేచనమునకు కుట్లు తెగవు. మలము గట్టిపడినప్పుడే నొప్పి. కావున బాలింతకు మొదటి దినమునుండియే పప్పు, ఆకుకూర, పండు, దాహమునకు చాలినంత నీరు ఇవ్వవలెను. అవసరమైనచో అదే లాక్టులోజ్ పానకము పాలిచ్చువారికిని పనికివచ్చును. ఇనుము బిళ్లలు మరల 180 దినములు కలవని పైన చెప్పియున్నాము. ఆసుపత్రినుండి ఇంటికి పోవునాడే వానిని అడిగి పుచ్చుకొనవలెను.